మిగిలిన పొడి

వెనక గది, పొడి బల్ల దగ్గర

టీచరమ్మా,

ఫోన్లో అడిగావు. నేను "ఊఁ" అన్నాను. "ఊఁ అంటే ఏమిటి బావా, ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పు, నోటితో చెప్పలేకపోతే రాసి పంపు" అన్నావు. రాస్తున్నాను.

ఆ రోజు మీ అక్క ఎప్పటిలాగే లేచింది. వీధి చివరి జిరాక్సు షాపు వాళ్ళ ప్రింటరు కార్ట్రిడ్జీలు నల్ల పొడితో నింపి అట్టపెట్టెలో సర్దింది. తర్వాత మన ఇంటి ప్రింటరుది బయటికి తీసింది. కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. వాడేసిన పొడి పక్క అరలోంచి కాగితంలోకి దులిపి, మడిచి పారేసింది. సీసాలో మిగిలిన కొత్త పొడి గరాటుతో పోసింది. కన్నం మీద ఎర్ర టేపు అంటించింది. షాపులవాటికి నల్ల టేపు, ఇంటిదానికి ఎర్ర టేపు. కలిసిపోకుండా.

ప్రింటర్లో పెట్టి టెస్టు పేజీ తీసింది. ఆవిడ టెస్టు పేజీ సంగతి నీకు తెలుసు. పైన ఒక నల్ల చదరం, మధ్యలో నాలుగు సన్న గీతలు, కింద నా మీద ఒక వాక్యం. చదరంలో మచ్చ లేకుండా, గీతలు తెగకుండా, నా పరువు మిగలకుండా వస్తే కార్ట్రిడ్జి బాగున్నట్టు. ఆ రోజు వాక్యం ఇది: "నలుపు చక్కగా పట్టింది. మిగిలిన పొడి మా ఆయన జుట్టుకి."

నాకు చూపించింది.

"షాపు వాళ్ళకి కూడా ఇదే వెళ్తుందా?" అన్నాను.

"వాళ్ళు దీనికోసమే నా దగ్గర నింపించుకుంటారు" అంది.

చన్నీళ్ళతో చేతులు కడుక్కుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కొంచెం అలసటగా ఉంది, కాఫీ పెట్టమంది. పాలు పొయ్యి మీద పెట్టాను. చక్కెర ఎంత అని వంటింట్లోంచి అడిగాను. పలకలేదు. ఇన్నేళ్ళ తర్వాత అడిగే ప్రశ్నేనా అని పలకలేదనుకున్నాను. మళ్ళీ అడిగాను. వెళ్ళి చూశాను. తల గోడకు ఆనించి ఉంది. వెనక పాలు పొంగాయి. పై వాటా ఆవిడ నా కేక విని దిగివచ్చి పొయ్యి ఆపింది. అంబులెన్సు వచ్చింది. డాక్టరు గుండె అన్నాడు. నొప్పి తెలిసి ఉండదన్నాడు.

అంతే జరిగింది.

నేను అడగాల్సింది ఒకటుంది. ఆ టెస్టు పేజీ ప్రింటరు మీదే ఉండాలి. కనిపించడం లేదు. నువ్వు ఇక్కడున్న నాలుగు రోజుల్లో ఇల్లంతా సర్దావు. ఎక్కడైనా పెట్టావా?

ఈ ఉత్తరం ఆ కార్ట్రిడ్జితోనే తీస్తున్నాను. నలుపు చక్కగా పట్టింది.

బావ


ట్యూషన్ గది, పిల్లలు వెళ్ళాక

బావా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. తర్వాత అక్కడే నేలమీద కూర్చుని ఇంకోసారి చదివాను. మా ఆయన వచ్చి "ఏమైంది, ఏమైంది" అని ఒకటే కంగారు. "చక్కెర ఎంత అని అడిగాడట" అని మాత్రం అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి చక్కెర డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. మా అక్కాచెల్లెళ్ళకి ఎక్కడెక్కడి మొగుళ్ళు దొరికారో!

తంతి ఆఫీసులో అన్నేళ్ళు టెలిగ్రాములకి మాటకింత అని లెక్కగట్టి గట్టి నువ్వు మాటలు దాచుకోవడం నేర్చావు. పెళ్ళైన కొత్తలో అక్క పుట్టింటికొచ్చి మూడు వారాలుంటే నువ్వు రాసిన ఒకే ఒక్క ఉత్తరం గుర్తుందా? "క్షేమం. గొడుగు ఎక్కడ?" నాన్న దాన్ని వెనక్కి తిప్పి చూసి, కవరు దులిపి చూసి, "అల్లుడుగారు మిగతాది మరో కవర్లో పంపి ఉంటారమ్మా" అన్నాడు. దానితో పోలిస్తే ఈసారి పెద్ద పుస్తకమే రాశావు. కోపం లేదు. నాకు ఇదే కావాలి, పూర్తిగా, వరసగా. ఇప్పుడు నాకు నిద్ర పడుతుంది.

గోడ మీద అక్క ఫొటో మార్చు. ముక్కు చివర నల్ల పొడితో పళ్ళికిలిస్తున్న ఫొటో పెడతారా ఎవరైనా? వచ్చినవాళ్ళు ఏడవడానికి సిద్ధమై తల ఎత్తి చూసి, ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ళు అడుగుతున్నారు. నేనున్నప్పుడే ముగ్గురు అడిగారు. సరేలే, మార్చకు. అది తప్ప మిగతా ఫొటోలన్నిటిలో అక్క ఎవరి పెళ్ళిలోనో అలిగినట్టు ఉంటుంది.

ఆ కాగితం సంగతి నాకేం తెలుసు? గాలికి ఎగిరిపోయి ఉంటుంది. మీ ఇంట్లో ఎలకలు కూడా ఉన్నాయి.

అసలు పని ఇప్పుడు చెప్తున్నా. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మా ట్యూషన్ పిల్లలకి లెక్కల ప్రశ్నపత్రాలు ఏటా అక్కే టైపు చేసి, అందరికీ సరిపడా తీసి పార్సిలు చేసేది కదా. చేత్తో రాసిన పత్రం దీంతో పెడుతున్నాను. ముప్పై మంది పిల్లలు, ఒక్కొక్కరికి రెండేసి కాగితాలు. ఇంట్లో ప్రింటరుంది, పొడి ఉంది, నీకు పోయేదేముంది?

పాలు తెప్పించుకుంటున్నావా? పై వాటా ఆవిడ ఫోను చేసి, నీ గుమ్మం ముందు పాలవాడు ఆగడం లేదని చెప్పింది.

నీ మరదలు


వెనక గది

టీచరమ్మా,

ప్రశ్నపత్రం అందింది. ఏడో ప్రశ్నలో ఒక కుళాయి తొట్టిని నింపుతుంటే ఇంకో కుళాయి ఖాళీ చేస్తోంది. ముందు ఆ రెండో కుళాయి కట్టమని పిల్లలకు నేర్పు.

ప్రింటరు పని చెయ్యడం లేదు. ఏమీ అనుకోవద్దు.

పాలు అక్కర్లేదు. నల్ల టీ బాగుంటుంది.

పరామర్శలు సాగుతున్నాయి. మొన్న పై వాటా ఆవిడ వెనక గదిలోకి వచ్చి, "ఇక్కడే కదండీ ఎప్పుడూ కూర్చునేవారు" అంటూ పొడి బల్ల మీద అరచెయ్యి ఆనించింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది. లేచేసరికి మీసాలు వచ్చాయి. చెప్పడం మర్యాద కాదనిపించింది. చెప్పకపోవడం కూడా మర్యాద కాదు. ఏది తక్కువ అమర్యాదో తేల్చుకునేలోపు ఆవిడ మెట్లెక్కింది. పైనుంచి వాళ్ళాయన నవ్వు కొంచెంసేపు, తర్వాత ఆవిడ అరుపు చాలాసేపు వినిపించాయి. మీ అక్క పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియదు.

జిరాక్సాయన వచ్చి, ఖాళీ కార్ట్రిడ్జీలు ఎవరితో నింపించాలి సార్ అని అడిగాడు. తెలియదన్నాను.

బావ


ట్యూషన్ గది

గౌరవనీయులైన బావగారికి,

మీ మరదలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమము. ప్రింటరు పని చెయ్యడం లేదని మీరు ప్రింటరు మీద ప్రింటు చేసి పంపిన ఉత్తరము అందినది.

అబద్ధం చెప్పడానికైనా ఒక పద్ధతి ఉండాలండీ. పెన్నుతో రాసి ఉంటే నమ్మేదాన్ని. మా ఆయన నా చేతిలోంచి లాక్కుని చదివి, "మీ బావ నిజాయితీపరుడే, అబద్ధంతోపాటు సాక్ష్యం కూడా జతచేశాడు" అన్నారు.

పైగా ఆ అక్షరాలేమిటండీ? మొదటి ఉత్తరంలో మామూలుగా ఉన్నాయి. రెండోదానికి చీమ తలకాయలంత అయ్యాయి. భూతద్దం పెట్టి చదవాల్సి వచ్చింది. పేజీ మధ్యలో తెల్లగా ఒక బాట కూడా పడింది. ఆ బాటలో పై వాటా ఆవిడ మీసాలు సగం పోయాయి.

ముప్పై మంది పిల్లలకి రెండేసి కాగితాలు అడిగాను. మీ ఇంటి పత్రాలు రాసిమ్మని అడగలేదు. మా అక్క లేదు కాబట్టి మన మధ్య చుట్టరికం కూడా లేదనుకుంటే ఆ మాట నేరుగా చెప్పండి. చిన్న అక్షరాల్లో వద్దు. నాకు కనపడేంత పెద్దగా రాయండి.

ఇట్లు,
మీకు ఒకప్పుడు మరదలు


వెనక గది, పొడి బల్ల దగ్గర

టీచరమ్మా,

అబద్ధం చెప్పాను. ప్రింటరు బాగానే ఉంది.

మీ అక్క ఇంటి కార్ట్రిడ్జిని ఏనాడూ నిండా నింపలేదు. కొత్త సీసా తెరిస్తే షాపులవి ముందు. వాటికి పోయగా అడుగున మిగిలింది మనింటికి. ఆ రోజు మిగిలింది గుప్పెడు ఉంటుందేమో. ఆవిడ చేత్తో పోసిన పొడి ఇంక అంతే ఉంది. నీ ప్రశ్నపత్రాలు తీస్తే అయిపోతుంది.

అందుకని అక్షరాలు చిన్నవి చేశాను. లావు అక్షరాలు మానేశాను. ఆశ్చర్యార్థకాలు నాకు మొదటినుంచీ లేవు. పేజీ మధ్య తెల్లబడితే కార్ట్రిడ్జి బయటికి తీసి రెండు చేతులతో పసిబిడ్డను ఊపినట్టు అటూ ఇటూ ఊపుతాను. మూలల్లో ఉన్న పొడి మధ్యకు సర్దుకుంటుంది. ఇంకో రెండు కాగితాలు వస్తాయి. ఆవిడ అలా ఊపుతుంటే, "ఏడుపు మానిందా" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళు లేరు.

చేత్తో ఎందుకు రాయవని అడుగుతావు. ఆవిడ పొడితో అచ్చయితే నీకు ఇద్దరం కలిసి రాసినట్టు ఉంటుందనిపించింది. నాకైనా ఉంటుంది.

అరలో మూడు కొత్త సీసాలున్నాయి. మూతలు తియ్యలేదు. నాకు నింపడం రాదు. నేర్చుకోవాలని లేదు.

ఇది తెలివైన పని కాదని తెలుసు. వాదించకు. చుట్టరికం అలాగే ఉంది.

బావ


ట్యూషన్ గది, తలుపు వేసుకుని

బావా,

వాదించను. తిడతాను.

ఇలాంటి మాట మొదటే చెప్పి చావొచ్చు కదా! నిన్ను నేను ఎన్నెన్ని అన్నానో నీకు తెలీదు, ఉత్తరంలో రాసింది పావు వంతు. మిగతాదంతా మా ఆయన విన్నాడు, పాపం. ఇప్పుడు నీ ఉత్తరం చూపించాను. చదివి, మళ్ళీ చక్కెర డబ్బా తెచ్చిచ్చాడు. ఈ మనిషికి తెలిసిన మందు అదొక్కటే.

నేను కూడా ఒకటి చెప్పాలి. చదివే ముందు కూర్చో.

ఆ టెస్టు పేజీని గాలి తీసుకుపోలేదు. ఎలకలూ తినలేదు. నేను తెచ్చాను. దాచుకోవడానికని తెచ్చినా బాగుండేది. మీ ఇంటినుంచి బయల్దేరేటప్పుడు వాన పడి చెప్పులు బురదయ్యాయి. సంచిలో పెట్టుకోవాలి కదా, చేతికందిన కాగితం తీసి చుట్టేశాను. నా కళ్ళకి అప్పుడు ఏమీ కనపడటం లేదు, నిజం. ఇంటికొచ్చి విప్పితే నల్ల చదరం, నాలుగు గీతలు, "మా ఆయన జుట్టుకి". ఒట్టు బావా, చెప్పులు పక్కన పెట్టుకుని గుమ్మంలో కూలబడ్డాను. అప్పుడు చెప్పే ధైర్యం లేక ఎలకల మీదకి నెట్టాను. పాపం వాటికీ ఒక మరదలు ఉంటే తిట్టిపోసేది.

తుడిచాను. బురద పోయింది, అచ్చు చెక్కుచెదరలేదు. కానీ చెప్పు అడుగు ముద్ర మాత్రం ఉంది. దీంతో పంపుతున్నాను.

ఇక పొడి సంగతి. అది ఫ్యాక్టరీది బావా. నీ కార్ట్రిడ్జిలో ఉన్నదీ, అరలో సీసాల్లో ఉన్నదీ ఒకటే నలుపు. అక్కది పొడి కాదు, పొయ్యడం. ముక్కుకి గుడ్డ కట్టుకుని నాలుక చివర బయటపెట్టి, పసిపిల్లకి మందు పోస్తున్నట్టు పోసేది చూడు, అది. నాకు ఒకసారి నేర్పబోయింది. "పొడికి మూడు పడవే: గాలి, వేడి, మగాళ్ళ తొందర" అంది. నేను మగాణ్ణి కాదు కదా అంటే, "నువ్వు అంతకంటే ఎక్కువ" అని చేతిలోంచి సీసా లాక్కుంది. నువ్వు అక్కడే పేపరు చదువుతూ ఇన్నేళ్ళు చూశావు. నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?

ప్రశ్నపత్రాలు మా ఊళ్ళోనే తీయించుకుంటాను. నీ దగ్గరున్నది వాడుకో, దాచుకో, నీ ఇష్టం. కానీ అక్షరాలు మాత్రం పెంచు. కళ్ళు పోతున్నాయి.

నీ మరదలే


ముందు గది (వెనక గదిలో ప్రస్తుతం కూర్చోవడానికి లేదు)

టీచరమ్మా,

టెస్టు పేజీ అందింది. నీ పాదం అంత పెద్దదని తెలియదు. నల్ల చదరం మీద మడమ, నా జుట్టు మీద బొటనవేలు పడ్డాయి. మీ అక్క చూసి ఉంటే దాన్నే షాపుకి పంపేది. ప్రింటరు మీద మళ్ళీ పెట్టాను.

నీ మాట పట్టుకుని నింపడం ప్రయత్నించాను. ఎర్ర టేపుది ముట్టుకోలేదు. బల్ల కింద పారేయాల్సిన పాత కార్ట్రిడ్జి ఒకటి ఉంటే దాని మీద.

ఉక్కగా ఉంది. ఫ్యాను వేసుకున్నాను. కొత్త సీసా సీలు గట్టిగా ఉంటే పంటితో లాగాను. సీలు వచ్చింది. తర్వాత కొంతసేపు గది కనపడలేదు.

ఫ్యాను ఆపడానికి లేచాను. స్విచ్చు తెలుసు కానీ గోడ ఎటో తెలియలేదు. తేరుకున్నాక వేన్నీళ్ళు కాచి చొక్కా, గోడ, బల్ల తుడిచాను. అప్పుడు గుర్తొచ్చింది, పొడికి వేడి పడదని. ఆ యంత్రం కాగితానికి పొడిని అంటించేదే వేడితో. నేను చేత్తో అదే పని చేశాను. తెల్ల చొక్కా శాశ్వతంగా అచ్చయింది. గోడ మీద నా అయిదు వేళ్ళు ఉన్నాయి.

ఆ సమయానికి జిరాక్సాయన వచ్చాడు. గుమ్మంలో నిలబడి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. జుట్టు దగ్గర ఆగాడు.

"సార్, ఆఖరు పేజీ కింద అమ్మగారు అన్నంత పనీ చేయించారు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అద్దం చూపించాడు. నా పెళ్ళినాటి జుట్టు ఉంది. ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అప్పుడు అర్థమైంది.

ఆయన నవ్వడం మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపుకోబోయాడు. ఆపొద్దన్నాను. ఇద్దరం గోడకు ఆనుకుని నవ్వాం. ఆయనకీ వీపంతా అంటింది. పోయేటప్పుడు, "మా షాపువాళ్ళందరం పేజీ కింద ముందు చదివేవాళ్ళం సార్, చదరం తర్వాత చూసేవాళ్ళం" అన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. చేతులకు పొడి ఉందని ఈసారి చెప్పాను. ఆలస్యమైంది.

కార్ట్రిడ్జి ఎలాగో మూశాను. ఒక కాగితం తీశాను. ముందువైపు బాగుంది. వెనకవైపంతా మసి. పక్క అరలో వాడేసిన పొడి దులపడం మరిచిపోయాను. ఆవిడ ప్రతిసారీ ముందు చేసే పని అది. ఇన్నేళ్ళు పేపరు చాటునుంచి చూశాను. పేపరు ఎక్కువ చూశానని తేలింది.

ఎర్ర టేపు దానిలో ఇంకా కొంచెం ఉంది. నీ కళ్ళ కోసం అక్షరాలు పెంచాను. దీనికి మూడుసార్లు ఊపాను.

బావ


ట్యూషన్ గది, నల్లబల్ల పక్కన

బావా,

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. పంటితో సీలు లాగిన దగ్గర ఆపాల్సి వచ్చింది. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు, ఈసారి చక్కెర డబ్బా నేను తెచ్చిచ్చాను.

మా ఊళ్ళో ప్రశ్నపత్రాలు తీయించాను. చెప్పుకుంటే సిగ్గు. పేజీ వెనకంతా మసి, మధ్యలో ప్రశ్నలు లేవు. పిల్లలు చాలా సంతోషించారు. నాలుగో ప్రశ్న సగమే అచ్చయితే ఒకడు లేని సగానికి కూడా జవాబు రాశాడు, అది కరెక్టుగా ఉంది, ఏం చెయ్యాలో తెలియక మార్కులేశాను. అది సన్నాహక పరీక్షే కాబట్టి సరిపోయింది. అసలుది వచ్చే వారం. నల్లబల్ల మీద రాసేస్తాను.

నా సంగతి ఒకటి మిగిలిపోయింది, అది కూడా విను. పోయినేటి పత్రాలు నా దగ్గర ఓ కట్ట ఉన్నాయి, అక్క ఎప్పుడూ నాలుగు ఎక్కువే పంపేది కదా. అంకెలు నాలుగు మార్చి అవే ఇవ్వొచ్చు, పిల్లలకేం తెలుస్తుంది? ఇవ్వలేకపోయాను. బీరువాలో చీరల కింద పెట్టాను. నిన్ను దులిపేశాను గానీ, నేను చేసిందీ అదే. నీకు గుప్పెడు పొడి, నాకు ఓ కట్ట కాగితాలు.

ఆ పత్రాల కింద అక్క రాసే వాక్యం గుర్తుందా? "జవాబు రాకపోతే మా ఆయన్ని అడగకండి. ఆయనకీ రాదు." ఈసారి మసి కాగితాలు పంచగానే పిల్లలందరూ ముందు అడుగుభాగం చూశారు. ఒక పిల్ల లేచి, "టీచర్, కింద జోకు రాలేదు, వేరే కాగితం ఇస్తారా?" అంది. ప్రింటు పోయిందనుకుంది. నేనూ ప్రింటు పోయిందనే చెప్పాను.

నిన్ను మళ్ళీ అడగడానికి రాయడం లేదు. ఒట్టు. నీది నీ దగ్గర ఉంచుకో. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాను, అంతే.

నీ మరదలు


వెనక గది, పొడి బల్ల దగ్గర, చేత్తో

టీచరమ్మా,

ఈ రాత చదవలేకపోతే మీ ఆయన భూతద్దం వాడు. ఈసారి నేనొక్కణ్ణే రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కింద జోకు రాలేదన్న పిల్ల దగ్గర రెండుసార్లూ ఆగాను. గుప్పెడు పొడి నేను ఉత్తరాలకని దాస్తున్నాను. ఆవిడ దాన్ని పోసింది నీ పిల్లల పత్రాలకేమో. ఏటా ఈ రోజుల్లోనే ఇంటి కార్ట్రిడ్జి నింపేది. ఎందుకో ఇన్నేళ్ళూ నేను అడగలేదు. అడగకపోయినా ఇప్పుడు తెలుస్తోంది.

పత్రం టైపు చేశాను. ఒక వేలితో చేసినా తప్పుల్లేవు. ఏడో ప్రశ్న మార్చలేదు, నీ కుళాయి నీ ఇష్టం. కింద ఆవిడ వాక్యం ఉన్నదున్నట్టు పెట్టాను. ఆవిడ పొడి, ఆవిడ వాక్యం. అక్షరాలు పెద్దవి చేశాను. వాక్యం మాత్రం లావుగా పెట్టాను.

మొదటి కట్ట నల్లగా వచ్చింది. తర్వాత మధ్యలో బాట పడింది. ఊపాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ బాట. మళ్ళీ ఊపాను. ఒక దశలో ఊపుతూ, "ఏడుపు మానిందా" అని నేనే పైకి అన్నాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి జవాబు కూడా నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంకా మానలేదన్నాను.

చివరి కాగితాల మీద ప్రశ్నలు బూడిద రంగుకు దిగాయి. ఆ తర్వాత తొట్టి కనిపించలేదు. ఆ తర్వాత కుళాయిలు పోయాయి. ఆఖరు కాగితం మీద ఏ ప్రశ్నా లేదు. లావుగా పెట్టినందుకేమో, అడుగున "ఆయనకీ రాదు" అన్నంత మేరకు పొగమంచులా పడింది. తర్వాతది తెల్లకాగితం. దాన్ని కాసేపు చూశాను. వెనక్కి తిప్పి కూడా చూశాను, మీ నాన్నగారు నా ఉత్తరాన్ని చూసినట్టు.

బాగా వచ్చినవి ఇరవై మందికి సరిపోతాయి. దీంతో పంపుతున్నాను. ఆఖరు కాగితం మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను, నీ చెప్పు ముద్ర కిందే. పదిమంది పిల్లలకు తక్కువ. వాళ్ళవి రెండు రోజుల్లో వస్తాయి. నల్లబల్ల మీద రాయకు.

జిరాక్సాయనకు కబురు పెట్టాను. ఆయన ఖాళీ కార్ట్రిడ్జీలు తెచ్చి గుమ్మంలోనే పెట్టి, లోపలికి రానన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముందు ఇంటిది నింపుతాను. అది సరిగ్గా వస్తేనే ఆయనవి ముట్టుకుంటాను. ఈ ఒక్కసారికి మీ అక్క వరస తిరగేస్తున్నాను. నేను నేర్చుకునేదాకా తప్పులు ఇంట్లోనే ఉండాలి.

టెస్టు పేజీ సిద్ధం చేశాను. నల్ల చదరం అదే, గీతలు అవే. వాక్యం మాత్రం కొత్తగా రాయాల్సి వచ్చింది. ఆవిడ నింపనిదాని కింద ఆవిడ మాట పెట్టకూడదు. చాలాసేపు కూర్చున్నాను. నా మాటల్లో ఏం రాసినా తంతిలా వచ్చింది. చివరికి ఆవిడ అయితే ఏమనేదో అది రాశాను: "ఈ కార్ట్రిడ్జి మా ఆయన నింపాడు. కాగితం వెనకవైపు కూడా చూసుకోండి."

పై వాటా ఆవిడ ద్వారా పాలవాడికి చెప్పించాను. మీసాల సంగతి మరిచిపోయినట్టుంది, సరేనంది.

రేపు పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా అక్కడే నిలబడి దించుతాను. కాఫీ తాగి, కిటికీ మూసి, ఫ్యాను ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను. వాడేసిన పొడి ముందు దులుపుతాను. తర్వాత ఎర్ర టేపు విప్పుతాను.

బావ